అంబులెన్సులకు, ఫైరింజన్లకు డీజిల్ ఉద్గార నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వాలా?

ప్రశ్న: కోనసీమవాసి

దాతల విరాళాలతో నడిచే ఒక చిన్న ఆసుపత్రిలో కొనుగోళ్ల సంఘం సభ్యుణ్ణి. మా పాత అంబులెన్సులు రెండూ అరిగిపోయినందున వాటి స్థానంలో కొత్త డీజిల్ వాహనాలు కొనాలని నిర్ణయించాము. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త వాహనాలన్నీ బీఎస్-6 (భారత్ స్టేజ్-6, అంటే వాహనాల పొగకు పెట్టిన పరిమితులు) ప్రమాణాలకు లోబడి ఉండాలి కనుక, మేము కొనబోయే వాటిలో మసిని పట్టి ఉంచే ఫిల్టరూ, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగలోకి యూరియా ద్రావణాన్ని చిమ్మే ఏర్పాటూ ఉంటాయని డీలరు చెప్పారు. అది విన్న మా పైలట్లు (అంబులెన్సు డ్రైవర్లు) ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఫిల్టరు నిండినా, యూరియా అయిపోయినా, చివరికి ఒక సెన్సరు పాడైనా ఇంజిన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుందనీ, లోపల రోగి ఉండగా గౌతమి వంతెన మీద బండి లాగకపోతే ఎవరు జవాబుదారీ అనీ వారి ప్రశ్న.

సంఘంలో ఒక సభ్యుడు, అత్యవసర వాహనాలన్నింటికీ ఉద్గార నిబంధనల నుంచి పూర్తి మినహాయింపు కోరుతూ ప్రభుత్వానికి వినతిపత్రం పంపుదామంటున్నారు. అమెరికాలో 2012లోనే అలాంటి మినహాయింపు ఇచ్చారని ఆయన వాదన. మరొక సభ్యురాలు, ఊపిరాడని రోగులను ఎక్కించుకునే బండికే పొగ నిబంధన వద్దనడం ఏం న్యాయమని అడుగుతున్నారు. నాకు ఇద్దరి మాటల్లోనూ బలం కనిపిస్తోంది.

ఈ ఇబ్బంది నిజంగా ఎంతమేరకు ఉంది, అమెరికాలో అసలు ఏమి మినహాయించారు, మనం అడగదగినది ఏమిటి అన్న విషయాలపై అనుభవజ్ఞులు వివరంగా రాయగలరని మనవి. రాజకీయ వ్యాఖ్యలు వద్దని ముందే కోరుతున్నాను.

జవాబు: డీజిల్ మేస్త్రి

చాలాకాలంగా అంబులెన్సుల నిర్వహణ చూస్తున్నాను. మీ పైలట్లు చెప్పింది ఊహ కాదు, అయితే అది మొత్తం కథ కూడా కాదు.

మసి ఫిల్టరు తనలో పోగైన మసిని ఎప్పటికప్పుడు కాల్చుకుంటేనే పని చేస్తుంది. బండి హైవే మీద కొంతసేపు నిలకడైన వేగంతో నడిచినప్పుడు పొగ వేడికే ఆ మసి చాలావరకు కాలిపోతుంది. అంత వేడి రానప్పుడు ఇంజిన్ కంప్యూటర్ అదనంగా కొంత డీజిల్ పంపించి, ఫిల్టరు ఉష్ణోగ్రతను దాదాపు 600 డిగ్రీలకు చేర్చి మసిని కాలుస్తుంది. దీనినే మేము రీజనరేషన్ అంటాము. ఇక అంబులెన్సు దినచర్య చూడండి. కేటాయించిన చోట గంటలకొద్దీ నిలబడి ఉంటుంది. లోపలి ఏసీ కోసం, పరికరాల చార్జింగు కోసం ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది. నిలబడి తిరిగే ఇంజిన్ పొగకు ఉండే వేడి మసిని కాల్చడానికి ఏమాత్రమూ సరిపోదు. ఆ తరువాత పిలుపు వస్తుంది. ఐదారు కిలోమీటర్లు పరుగెత్తి, ఆసుపత్రి ముందు మళ్లీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడుతుంది. రీజనరేషన్ మొదలైన కొద్ది నిమిషాలకే పైలట్ తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తాడు. ఇలా పదేపదే మధ్యలో ఆగిపోతే మసి పేరుకుంటూనే ఉంటుంది. మొదట ఒక దీపం వెలుగుతుంది, తరువాత అది మిణుకుతుంది, ఆపైన ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటుంది.

యూరియా ద్రావణం సంగతి వేరు. అది తక్కువైనప్పుడు ఇంజిన్‌కు యాంత్రికంగా ఏ హానీ జరగదు. అయినా శక్తి తగ్గుతుంది. యజమాని యూరియా పోయకుండా బండి నడుపుకోకూడదని నియమం రాసినవారు కావాలనే పెట్టిన శిక్ష అది. ఈ రెండింటినీ వేరు చేసి చూడకుండా మాట్లాడుకోవడం వల్లనే సగం గందరగోళం వస్తోంది. ఫిల్టరు పూర్తిగా నిండిపోయాక శక్తి తగ్గించకుండా నడిపితే ఫిల్టరు పగలవచ్చు, బండికి నిప్పు కూడా అంటుకోవచ్చు. దానిని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ రద్దు చేయలేదు. యూరియా తగ్గితే శక్తి తగ్గించడం మాత్రం మనుషులు రాసుకున్న నియమం, దానిని మార్చుకోవచ్చు.

మా దగ్గరకు లాగడం లేదని వచ్చిన బండ్లలో ఎక్కువ భాగానికి కారణం దీపం వెలిగిన రోజున ఎవరూ పట్టించుకోకపోవడమే. పగటి షిఫ్టు పైలట్ రాత్రి షిఫ్టు వారికి చెప్పడు. డ్యూటీ నుంచి బండిని అరగంట తప్పించి రీజనరేషన్ చేయించే అధికారం ఎవరికి ఉందో ఎవరికీ తెలియదు. సెన్సర్లు చెడిపోవడం మాత్రం నిజమైన బాధే, దానికి పైలట్‌ను తప్పు పట్టలేము. నైట్రోజన్ ఆక్సైడ్ సెన్సరు ధర ఎక్కువ, చిన్న పట్టణాల్లో వెంటనే దొరకదు, అది వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. ఈ ఒక్క కారణంగా కొందరు యజమానులు ఫిల్టరు లోపలి భాగాన్ని ఊడబెరికి, కంప్యూటర్‌కు దొంగ సంకేతం పంపే పెట్టె బిగిస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటి మార్పులను అనుమతించదు. అంబులెన్సు అన్న ఒక్క కారణంతో ఆ పని సక్రమమైపోదు.

చివరగా ఒక మాట. రోగిని కేవలం ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చే చిన్న వాహనాలు చాలావరకు పెట్రోలువే. మీ రెండింటిలో ఒకటి అలాంటి పనికే అయితే ఈ గొడవ దానికి అసలు వర్తించదు.

జవాబు: విశ్రాంత అగ్నిమాపక అధికారి

పై మిత్రుడు అంబులెన్సు గురించి చక్కగా చెప్పారు. ఫైరింజన్ పరిస్థితి ఇంకా భిన్నమైనది కనుక, పూర్తి మినహాయింపు అడగడం ఎందుకు అతిశయోక్తి కాదో నేను చెప్పవలసి ఉంది.

ఫైరింజన్ ఏడాదికి తిరిగే కిలోమీటర్లు ఒక లారీ నెలలో తిరిగేదానికంటే తక్కువ కావచ్చు. దాని అసలు పని ఒకచోట నిలబడి, ఇంజిన్ శక్తితో పంపు తిప్పి, గంటల తరబడి నీరు చిమ్మడం. వేసవిలో మా కేంద్రాలకు వచ్చే పిలుపుల్లో గడ్డివాములు, పత్తి జిన్నింగ్ మిల్లులు, మిర్చి గోదాములు ఎక్కువ. అలాంటి చోట, ఎండుగడ్డి పరుచుకున్న నేల మీద నిలబడిన బండి అడుగున ఫిల్టరు 600 డిగ్రీలకు వేడెక్కడం మొదలైతే ఏమవుతుందో ఊహించడానికి అగ్నిమాపక శిక్షణ అక్కరలేదు. రీజనరేషన్‌ను అడ్డుకునే స్విచ్ కొన్ని బండ్లలో ఉంటుంది నిజమే. అయితే అడ్డుకుంటూ పోతే ఫిల్టరు నిండుతుంది, నిండితే శక్తి తగ్గుతుంది. శక్తి తగ్గితే పంపు ఒత్తిడి పడిపోతుంది. పైప్ చివర నాజిల్ పట్టుకుని లోపలికి వెళ్లిన ఫైర్‌మన్‌కు ఆ ఒత్తిడే రక్షణ.

యూరియా ద్రావణానికి మరొక తంటా ఉంది. దానిలో యూరియా 32.5 శాతం, మిగిలినది శుద్ధమైన నీరు. ఎండ ఎక్కువైతే అది త్వరగా చెడుతుంది, 35 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచితే దాని ఆయుష్షు సుమారు ఆరు నెలలే. రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద వేసవి గడిపిన ట్యాంకులోని ద్రావణం గురించి చెప్పనవసరం లేదు. లారీకి ఇది సమస్య కాదు, ఎందుకంటే అది పోసినది వారాల్లో ఖర్చు చేస్తుంది. మా బండ్లలో పోసినది అలాగే నిలిచి, స్ఫటికాలు కట్టి, చిమ్మే గొట్టాన్ని పూడ్చేస్తుంది. అంటే బాగా వాడే బండి కోసం రాసిన నియమం, సిద్ధంగా ఉండడమే పనిగా ఉన్న బండిని దెబ్బ తీస్తోంది.

దీనికి తోడు వయసు నిబంధన ఒకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ కొనసాగదు. దేశరక్షణకు, శాంతిభద్రతలకు, అంతర్గత భద్రతకు వాడే కవచ వాహనాలను, ఇతర ప్రత్యేక వాహనాలను ఆ నియమం నుంచి తప్పించారు. ఆ మాటల్లో ఫైరింజన్ పేరు లేదు, అంబులెన్సు పేరూ లేదు. పంపు చక్కగా పనిచేస్తూ, ఇంజిన్ సగం ఆయుష్షు కూడా ఖర్చు కాని బండిని కేవలం క్యాలెండరు చూసి తుక్కుకు పంపవలసి వస్తోంది. దాని స్థానంలో కొత్తది రావడానికి బడ్జెటు, టెండరు, చాసిస్ మీద బాడీ కట్టడం అన్నీ కలిసి ఎంత కాలం పడుతుందో శాఖలో పనిచేసినవారికి తెలుసు. ఈలోగా ఆ మండలానికి ఎవరు వెళతారు? ఊరిలో ఉన్న లారీలతో, బస్సులతో పోలిస్తే ఫైరింజన్లు ఎన్ని? అవి వదిలే పొగ ఎంత? ఆ కాస్త పొగ కోసం ఇంత ప్రమాదం మోయడం నాకు సబబుగా తోచదు. నా అభిప్రాయంలో అగ్నిమాపక వాహనాలకు పాత ప్రమాణాల ఇంజిన్లను కొనే వెసులుబాటు ఇవ్వాలి.

జవాబు: ఇంజిన్ నియంత్రణ (ఇండియానా)

నేను విజయవాడ వాణ్ణి. అమెరికాలో భారీ డీజిల్ ఇంజిన్ల నియంత్రణ సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. ఈ వాదనలో అమెరికా 2012 నిర్ణయాన్ని అందరూ తలుచుకుంటారు గాని, అది ఏమి ఇచ్చిందో, ఏమి ఇవ్వలేదో చెప్పేవారు తక్కువ. కనుక కాస్త విపులంగా రాస్తున్నాను.

అమెరికాలో భారీ డీజిల్ వాహనాలకు మసి ఫిల్టర్లు 2007 మోడల్ నుంచి, యూరియా పద్ధతి 2010 మోడల్ నుంచి విస్తృతంగా వచ్చాయి. ఆ వెంటనే అగ్నిమాపక శాఖల నుంచి, అంబులెన్సు సేవల నుంచి ఇప్పుడు మీరు రాస్తున్న ఫిర్యాదులే మొదలయ్యాయి. అక్కడ శిక్ష మరింత కఠినం. యూరియా అయిపోయి కూడా నిర్లక్ష్యం చేస్తే చివరి దశలో బండి వేగం గంటకు 5 మైళ్లకు, అంటే సుమారు 8 కిలోమీటర్లకు పడిపోయేది. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2012 జూన్‌లో ఒక నియమం తెచ్చి, అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాల విషయంలో ఉద్గార నియంత్రణ పరికరాల స్థితి కారణంగా వేగమో, టార్కో (ఇంజిన్ తిప్పే బలం), శక్తో పడిపోకుండా ఇంజిన్ తయారీదారు ప్రత్యేక ఏర్పాటు చేయవచ్చునని, దానికి ధ్రువీకరణ ఇస్తామని ప్రకటించింది. కొత్త ఇంజిన్లకే కాక అప్పటికే రోడ్డు మీద ఉన్నవాటికి కూడా తయారీదారు ద్వారా ఆ సవరణ చేయించుకునే వీలు కల్పించింది. ఫిల్టరు ఉండనక్కరలేదని గాని, యూరియా పోయనక్కరలేదని గాని ఆ నియమం ఎక్కడా చెప్పలేదు. ఇంజిన్ మామూలుగా అందుకోవలసిన ఉద్గార పరిమితులు అలాగే ఉన్నాయి. ఆపదలో మాత్రం పరికరం మనిషి ప్రాణానికి అడ్డు రాకూడదని చెప్పారు. పోలీసు కార్లు కూడా అందులో లేవు. 2014లో రోడ్డు మీద తిరగని యంత్రాలకు సైతం అత్యవసర పరిస్థితుల్లో ఇటువంటి ఉపశమనం ఇచ్చారు.

ఐరోపా పద్ధతి మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే బీఎస్-6 నిర్మాణమంతా అక్కడి ప్రమాణమైన యూరో-6 అడుగుజాడల్లో వచ్చింది. అక్కడ భారీ వాహనాలకు యూరియా విషయంలో రెండు దశల శిక్ష ఉంది. మొదట టార్క్‌లో నాలుగో వంతు కోత, తరువాత గంటకు 20 కిలోమీటర్ల పరిమితి. అదే 2011 నాటి నిబంధనలో, ఆపదలో ఆదుకునే (రెస్క్యూ) సేవలకు, అగ్నిమాపక దళాలకు, సాయుధ దళాలకు, పౌర రక్షణకు, శాంతిభద్రతల బలగాలకు వాడే వాహనాలకు ఈ శిక్ష వర్తించనవసరం లేదని రాశారు. అయితే దానిని శాశ్వతంగా తొలగించే పని ఇంజిన్ లేదా వాహన తయారీదారు మాత్రమే చేయాలి, వీధి చివర గ్యారేజీ చేయకూడదు. నాకు ఈ వాక్యం అన్నింటికంటే తెలివైనదిగా అనిపిస్తుంది. మేస్త్రి గారు చెప్పిన దొంగ సంకేతాల పెట్టెకు అవసరమే లేకుండా చేసే మార్గం ఇదే.

నగరాల్లోకి ప్రవేశం సంగతి మరొకటి. జర్మనీలో నగరాల తక్కువ-ఉద్గార మండలాల నియమాల్లో అంబులెన్సులకు, అగ్నిమాపక, పోలీసు వాహనాలకు ఉద్గార స్థాయిని తెలిపే స్టిక్కరు లేకున్నా ప్రవేశం ఉంది. మన ఢిల్లీలో కూడా 2015లో సుప్రీంకోర్టు లారీల మీద పర్యావరణ పరిహార రుసుము విధించినప్పుడు అంబులెన్సులను దాని నుంచి తప్పించింది. ఇవి తిరిగే హక్కుకు సంబంధించినవే తప్ప తయారీ ప్రమాణానికి సంబంధించినవి కావు.

విశ్రాంత అధికారి గారితో నాకు విభేదం ఉన్నది చివరి ప్రతిపాదన దగ్గర. పాత ప్రమాణాల ఇంజిన్ కొనే వెసులుబాటు కాగితం మీద ఇచ్చినా దానిని తయారుచేసేది ఎవరు? ఏటా కొన్ని వందల ఫైరింజన్ల కోసం ఏ కంపెనీ కూడా బీఎస్-4 ఇంజిన్ వరుసను బతికించి ఉంచదు. ఒకవేళ ఉంచినా, పదేళ్ల తరువాత దాని విడిభాగాలు ఇప్పటి సెన్సరు కంటే అరుదైపోతాయి. లారీలతో ఒకే ఇంజిన్ పంచుకోవడం వల్లనే ఫైరింజన్‌కు ప్రతి జిల్లా కేంద్రంలో మెకానిక్ దొరుకుతున్నాడు. ఆ లాభాన్ని చేతులారా వదులుకోవద్దు.

జవాబు: విశ్రాంత అగ్నిమాపక అధికారి

ఇండియానా మిత్రుడు చెప్పిన విడిభాగాల వాదన బలమైనదే, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఐరోపా తరహా తొలగింపు కూడా యూరియా శిక్షను తీసేస్తుందే తప్ప నిండిన ఫిల్టరు సమస్యను తీర్చదు. పంపు నడుస్తున్నంతసేపు పూర్తి శక్తి ఇవ్వడం, ఆ తరువాత ఫిల్టరు చెడితే చెడనివ్వడం అన్న క్రమం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలని నేను అంటాను. ఫిల్టరు కొనుక్కోవచ్చు. ఇక 15 ఏళ్ల నిబంధన మీద నా మాటలో మార్పు లేదు. అగ్నిమాపక వాహనానికి వయసు కాకుండా ఇంజిన్ తిరిగిన గంటలు, ఫిట్‌నెస్ పరీక్ష, పంపు పరీక్ష కొలమానం కావాలి.

జవాబు: ఇంజిన్ నియంత్రణ (ఇండియానా)

పంపు నడుస్తుండగా పూర్తి శక్తి ఇచ్చే ఏర్పాటు సాధ్యమే. 2012 నియమం పరిధిలోకి వచ్చేవాటిలో అదీ ఒకటి. పంపును ఇంజిన్‌కు కలిపారన్న సంకేతం కంప్యూటర్‌కు ఎలాగూ అందుతుంది. ఎండుగడ్డి సమస్యకు, పొగ బయటికి వచ్చే చోట చల్లగాలిని కలిపి వేడి తగ్గించే గొట్టాన్ని అమరుస్తారు. బాడీ కట్టేవారికి ముందే చెప్పకపోతే వారు సాధారణ గొట్టం పెట్టి ఊరుకుంటారు. అమెరికాలో ఈ చర్చ అత్యవసర వాహనాలతోనే ఆగలేదని కూడా చెప్పాలి. 2025 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2027 మోడల్ నుంచి కొత్త డీజిల్ లారీలు కూడా యూరియా అయిపోయినంత మాత్రాన ఒక్కసారిగా శక్తి కోల్పోకుండా ఉండాలి. అంటే అత్యవసర వాహనానికి 2012లో ఇచ్చిన ఉపశమనంలో కొంత భాగం ఇప్పుడు అందరికీ వస్తోంది.

జవాబు: ఛాతీ వైద్యుడు, వరంగల్

మీరందరూ ఇంజిన్ శక్తి గురించి మాట్లాడుతున్నారు. పొగ ఎవరు పీలుస్తున్నారన్నది ఒక్కసారి చూద్దాం.

ఫైరింజన్లు కొన్నే కనుక వాటి పొగ లెక్కలోకి రాదన్న వాదన ఊరంతటి గాలిని కొలిచేటప్పుడు సరైనదే. అయితే ఆ బండి పొగ ఊరంతటా సమానంగా పంచుకోబడదు. ప్రతి షిఫ్టు మార్పిడిలో షెడ్డు లోపలే ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తారు, ఆ షెడ్డు పక్క గదిలోనే సిబ్బంది పడుకుంటారు. అంబులెన్సు అత్యవసర విభాగం ద్వారం ముందు ఇంజిన్ ఆపకుండా నిలబడుతుంది, అదే ద్వారం గుండా ఆయాసంతో ఉన్న పిల్లలు, వృద్ధులు లోపలికి వెళతారు. అంటే పొగను అందరికంటే దగ్గరగా పీల్చేవారు అగ్నిమాపక సిబ్బంది, ఈఎంటీలు (అంబులెన్సులోని అత్యవసర వైద్య సిబ్బంది), రోగులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ ఇంజిన్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా మొదటి వర్గంలో చేర్చింది 2012 జూన్‌లోనే. అమెరికా ఉపశమన నియమం వెలువడింది కూడా అదే నెలలో కావడం విచిత్రమైన యాదృచ్ఛికం. 2022లో అదే సంస్థ అగ్నిమాపక వృత్తినే మొదటి వర్గంలో చేర్చింది. దానికి మంటల పొగతో సహా అనేక కారణాలున్నాయి, వాటిలో డీజిల్ పొగ కూడా ఒకటి. ఇప్పటికే ఇన్ని విషాలు పీల్చే మనిషికి, అతని భద్రత పేరుతోనే ఫిల్టరు లేని ఇంజిన్ ఇవ్వడం నాకు అంగీకారం కాదు.

తేడా కూడా చిన్నది కాదు. భారీ ఇంజిన్లకు బీఎస్-4లో కిలోవాట్-గంటకు 3.5 గ్రాములుగా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-6లో, రోడ్డు మీద నడకను పోలిన పరీక్షలో, 0.46 గ్రాములకు వచ్చింది. సూక్ష్మకణాల సంఖ్య మీద కూడా మొదటిసారి పరిమితి పెట్టారు, ఊపిరితిత్తుల లోతుకు చేరేవి ఆ కణాలే. డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల భాగాలకు 50 భాగాలు) నుంచి 10 పీపీఎంకు తగ్గించడానికి మన శుద్ధి కర్మాగారాలు పెద్ద ఎత్తున ఖర్చు పెట్టాయి. ఆ ఖర్చు ఫలం ఆసుపత్రి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవాలా?

శక్తి కోత వద్దంటే నేను మీతోనే ఉన్నాను, గుండెపోటు రోగిని తెస్తున్న బండి యూరియా కోసం ఆగకూడదు. అదే వినతిపత్రంలో, నిలబడి ఉన్నప్పుడు పరికరాలకు, ఏసీకి బయటి కరెంటు ఇచ్చే ప్లగ్గు పాయింట్లు ఆసుపత్రుల దగ్గర పెట్టాలనీ, ఫైర్ స్టేషన్ షెడ్డులో సైలెన్సర్‌కు తగిలించి పొగను బయటికి లాగే గొట్టాలు అమర్చాలనీ కూడా అడగండి. ఇంజిన్ ఊరికే తిరగడం తగ్గితే మేస్త్రి గారు చెప్పిన మసి సమస్య కూడా కొంత తగ్గుతుంది కదా.

జవాబు: కోనసీమవాసి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా సంఘంలో ఈ చర్చను చదివి వినిపించాను. ఉద్గార పరిమితుల నుంచి మినహాయింపు కోరకూడదనీ, యూరియా కారణంగా శక్తి తగ్గే ఏర్పాటును తయారీదారు చేతనే అంబులెన్సులకు తొలగించేలా స్పష్టమైన ఉత్తర్వు కోరాలనీ ఒప్పుకున్నారు. మొదట వినతిపత్రం ప్రతిపాదించిన సభ్యుడు ఇంకా సగం మనసుతోనే ఉన్నారు. ఉత్తర్వు వచ్చేదాకా మన బండి సంగతేమిటని ఆయన అడుగుతున్నారు. వచ్చే నెలలో కొనుగోలు ఉత్తర్వు ఇవ్వాలి. అందులో ఏ షరతులు రాయాలో మేస్త్రి గారు చెబితే మేలు చేసినవారవుతారు. ఎలక్ట్రిక్ అంబులెన్సు గురించి కూడా ఒకరు అడిగారు. 2024లో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో వాటికి 500 కోట్ల రూపాయలు కేటాయించారు కదా అని.

జవాబు: డీజిల్ మేస్త్రి

ఎలక్ట్రిక్ బండి పట్టణం లోపల తిరగడానికి చక్కగా పనికివస్తుంది. మీరు రాత్రిపూట కాకినాడకో రాజమహేంద్రవరానికో రోగిని చేర్చి, వెంటనే తిరిగివచ్చి మరొక పిలుపు అందుకోవాలంటే, దారిలోనూ మీ ఆవరణలోనూ వేగంగా చార్జింగు చేసే వసతి ఉందో లేదో చూసుకున్నాకే నిర్ణయించండి.

డీజిల్ బండికి షరతులు రాసేటప్పుడు, ముందుగా ఆ మోడల్‌లో పైలట్ తానే నొక్కి రీజనరేషన్ మొదలుపెట్టే స్విచ్, అవసరమైతే వాయిదా వేసే స్విచ్ రెండూ ఉండాలని రాయండి. ఆ స్విచ్‌లు లేని మోడల్ అయితే ప్రతి చిన్న విషయానికీ కంప్యూటర్ పట్టుకుని సర్వీస్ సెంటర్ మనిషి రావలసి ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్ సెన్సరు, యూరియా చిమ్మే పంపు, ఫిల్టరుకు ముందూ వెనుకా ఒత్తిడి కొలిచే సెన్సరు జిల్లాలో నిల్వ ఉంచుతామని డీలరు చేత కాగితం మీద రాయించుకోండి. బండి ఆగిపోతే ఎన్ని గంటల్లో సరిచేయాలి, చేయలేకపోతే బదులు బండి ఎవరివ్వాలి అన్నది కూడా అందులోనే ఉండాలి. నోటి మాటగా ఇచ్చిన హామీలు మొదటి వర్షాకాలం దాటవు. మెడికల్ పరికరాలకు బ్యాటరీ వేరుగా ఉండి, ఆసుపత్రి గోడ ప్లగ్గు నుంచి చార్జి అయ్యే ఏర్పాటు కోరండి. డాక్టరు గారు చెప్పింది పొగ కోసమైనా, ఫిల్టరు ఆయుష్షుకు అంతకంటే మంచి మందు లేదు.

కొన్న తరువాత, వారానికి ఒకసారి బండిని హైవే మీద అరగంట ఆపకుండా నడిపించండి. ఆ సమయంలో డ్యూటీ రెండో బండిది అని రిజిస్టరులో రాసి ఉండాలి, లేకపోతే పైలట్ ధైర్యం చేసి బయలుదేరడు. ఫిల్టరు దీపం వెలిగితే షిఫ్టు అప్పగింత పుస్తకంలో రాయడం తప్పనిసరి చేయండి. యూరియా సగానికి తగ్గగానే నింపండి, డబ్బాలు ఎండ తగలని గదిలో ఉంచండి, డబ్బా మీది తయారీ తేదీ చూసి పాతవి ముందు వాడండి. రోడ్డు పక్కన మూత లేని క్యానుల్లో అమ్మే ద్రావణం చవకగా వస్తుందని ఎవరైనా తెస్తే తీసుకోవద్దు. అందులో కలిసిన మామూలు కుళాయి నీరు చాలు, లోపలి ఉత్ప్రేరకం పాడై మీ ఏడాది డీజిల్ ఖర్చంత బిల్లు రావడానికి.

జవాబు: విశ్రాంత అగ్నిమాపక అధికారి

వినతిపత్రం పంపేటప్పుడు అందులో అగ్నిమాపక వాహనాలను కూడా చేర్చండి. శాఖలో ఉన్నవారు ఇలాంటివి బహిరంగంగా అడగలేరు, దాతల ఆసుపత్రి అడిగితే ఎవరూ తప్పు పట్టరు. పంపు నడుస్తున్నంతసేపు పూర్తి శక్తి ఉండాలన్న వాక్యాన్ని నేను రాసి పంపుతాను, ఇండియానా మిత్రుడు సాంకేతికంగా సరిచూస్తే బాగుంటుంది.

జవాబు: ఇంజిన్ నియంత్రణ (ఇండియానా)

తప్పకుండా. ముసాయిదా ఇక్కడే పెట్టండి. ఐరోపా నిబంధనలోని ఆ భాగం సారాంశాన్ని తెలుగులో రాసి రెండు రోజుల్లో దాని కింద జత చేస్తాను.